మెడలో వేలాడిన పెన్‌డ్రైవ్

కంప్యూటర్ల రిపేరు పనిలోకి కొత్తగా దిగినవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఏ యాంటీవైరస్ మంచిది?" నేను దానికి జవాబు చెప్పను. "నీ జేబులో పెన్‌డ్రైవ్ ఉందా? అందులో ఏముందో నీకు పూర్తిగా తెలుసా?" అని ఎదురు అడుగుతాను. చాలామంది నవ్వి ఊరుకుంటారు. పెద్దాయన చాదస్తం అనుకుంటారు. అనుకోనీయండి.

విజయనగరంలో ఒక సర్వీసు షాపులో పనిచేస్తూ, అక్కడి నుంచి శ్రీకాకుళం జిల్లా చివరిదాకా బస్సుల్లో, పాసింజరు బళ్లలో, స్కూటరు మీద తిరిగి ముప్పై ఏళ్లపాటు కంప్యూటర్లు బాగుచేశాను. పని బాగా వచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. అయితే ఇప్పుడు రాస్తున్నది నాకు బాగా వచ్చిన పని గురించి కాదు. నా తప్పు వల్ల కోటబొమ్మాళిలో సత్యవతి అనే ఆవిడ డీటీపీ షాపు మూతపడబోయింది. ఆ తప్పేమిటో, దాన్ని ఎలా దిద్దుకున్నానో చెబుతాను. పుస్తకాల్లో ఉండే సంగతులు పుస్తకాల్లో చదువుకోండి.

మా పని తీరు

మా ప్రాంతంలో నా ఖాతాదారుల్లో ఎక్కువమంది డీటీపీ వాళ్లు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, బడి ప్రశ్నపత్రాలు, దస్తావేజులు, అన్నీ వాళ్లే టైపు చేస్తారు. వాళ్లకి ప్రాణం తెలుగు ఫాంట్లు. ఆ ఫాంట్లు ఉండే పాత తెలుగు సాఫ్ట్‌వేరుని నిజాయితీగా కొంటే దానితో ఒక చిన్న తాళంలాంటి పరికరం ఇస్తారు. అది కంప్యూటరుకి గుచ్చితేనే ఫాంట్లు పలుకుతాయి. కొన్నవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. మిగతా అందరి దగ్గరా ఉన్నది తాళం విరగ్గొట్టిన కాపీ, అదే క్రాక్. అది ఎవరు పెట్టేవారంటే, నేనే.

నల్లతాడుకి కట్టిన ఒక పెన్‌డ్రైవ్ ఎప్పుడూ నా మెడలో ఉండేది. విండోస్, ప్రింటరు డ్రైవర్లు, ఫాంట్లు, క్రాకు, అన్నీ అందులోనే. నేను షాపులోకి అడుగుపెడితే జనం ముందు నా ముఖం కాదు, ఆ తాడు చూసేవారు. అది కనబడితే పని అయిపోయినట్టే. డాక్టరు మెడలో స్టెతస్కోపు ఉన్నట్టు నాకు అది గర్వంగా ఉండేది.

ఇంకో అలవాటు కూడా ఉంది. ప్రతి సిస్టంలోనూ డి డ్రైవులో నా పేరు మీద ఒక ఫోల్డరు పెట్టి, పెన్‌డ్రైవులో ఉన్నదంతా అందులో కాపీ చేసేవాణ్ణి. ఏ జబ్బు వచ్చినా మా అందరికీ తెలిసిన మందు ఒకటే, ఫార్మాట్. సి డ్రైవు తుడిచేసి, విండోస్ కొత్తగా వేసి, డి డ్రైవులో ఉన్న నా ఫోల్డరు నుంచి మిగతావన్నీ మళ్లీ ఎక్కించడం. రెండు గంటల పని. ఈ పద్ధతి మీకు తెలివైనదిగా కనబడుతోందా? నాకూ చాలా ఏళ్లు అలాగే కనబడింది.

సత్యవతి సిస్టం

సత్యవతిది కళింగపట్నం. పడవల మీద బతికే కుటుంబం. కోటబొమ్మాళి కోడలుగా వచ్చి, టైపు నేర్చుకుని, స్టేషన్ రోడ్డులో సొంతంగా షాపు పెట్టింది. ఒక్క అక్షరం తప్పుపోనిచ్చే మనిషి కాదు. ఆవిడకి పెద్ద ఆధారం ఊళ్లో ఒక ప్రైవేటు బడి. వాళ్ల పరీక్షల ప్రశ్నపత్రాలన్నీ ఆవిడే టైపు చేసేది. ఆ పని నమ్మకం మీద వస్తుంది. ప్రశ్నపత్రం బయటికి పొక్కదన్న నమ్మకం ఉంటేనే హెడ్‌మాస్టరు ఆ కాగితం చేతికిస్తాడు.

ఒకరోజు ఫోను చేసింది. "అన్నయ్యా, సిస్టం బరువుగా నడస్తన్నాది. నేను ముట్టకుండానే లైటు మిణుకు మిణుకుమంటన్నాది. ఒకసారి రాండి."

వెళ్లాను. చూశాను. ఏదో వైరస్ పట్టింది. ఫార్మాట్ చేసి వచ్చేశాను. మూడు వారాలకి మళ్లీ ఫోను. మళ్లీ ఫార్మాట్. మూడోసారి పిలిచేసరికి నాకు చిరాకెత్తింది. ఆవేళ సంతరోజు, షాపు నిండా జనం. ఎండుచేపల వ్యాపారి ఎర్రయ్య కూడా ఉన్నాడు. ఆయనదీ కళింగపట్నమే, సత్యవతికి వరసకి మావ. చేపల పాకెట్ల మీద అంటించే లేబుళ్లు ఈవిడ దగ్గరే వేయిస్తాడు. ఆయన పొద్దున్నే బస్సెక్కి కేకలేసుకుంటూ వచ్చాడు.

"ఒసే సత్తీ, నువ్వు మెయిలు ఎట్టినావు కదే, లేబులు సూసుకో మావా అని. నొక్కినాను. ఏటీ రానేదు. మళ్లీ నొక్కినాను. అప్పుట్నుంచి మా సిస్టం సచ్చి కూకున్నాది!"

"నేనేటీ ఎట్టనేదు మావా," అంది సత్యవతి, బిత్తరపోయి.

ఆయన ఫోనులో చూపించాడు. మెయిలు ఆవిడ అడ్రసు నుంచే వచ్చింది. అంతకుముందు లేబులు గురించి ఇద్దరూ రాసుకున్న పాత మెయిలు కిందే, దానికి జవాబులాగా, ఇంగ్లీషులో ఒక్క ముక్క: జత చేసిన ఫైలు చూడండి అని. కింద ఒక లింకు. ఆ ఒక్కటే కాదు, ఆవిడ మెయిలు నుంచి ఖాతాదారులందరికీ అలాంటివే వెళ్లాయి. బడి హెడ్‌మాస్టరుకి కూడా.

అప్పుడు నేనేమన్నానో ఇప్పటికీ గుర్తుంది. అందరి ముందూ అన్నాను. "ఏది పడితే అది నొక్కేస్తే ఇలాగే అవుతాదమ్మా. నేను రెండుసార్లు శుభ్రం చేశాను. మూడుసార్లూ నువ్వే తెచ్చుకున్నావు."

సత్యవతి కీబోర్డు వైపు తిరిగిపోయింది. ముఖం ఎర్రబడింది, అంతే. ఆ మర్నాడే హెడ్‌మాస్టరు మనిషిని పంపి ప్రశ్నపత్రాల పని ఆపేయమన్నాడు. కారణం కూడా చెప్పి పంపాడు. "ఆ సిస్టంలో దొంగలు దూరారట, మెకానిక్కే అన్నాడు." ఆ మెకానిక్కు నేనే.

పట్నాయక్ గారి ప్రశ్న

మా షాపు యజమాని పట్నాయక్ గారు. కంప్యూటర్లు రాకముందు రేడియోలు, టైపు మిషన్లు బాగుచేసిన మనిషి. విండోస్ గురించి ఆయనకి తెలిసింది తక్కువ. కానీ ఏ వస్తువైనా ఎందుకు పాడైందో తెలియకుండా బాగుచేయడం అంటే ఆయనకి ఒళ్లు మంట. నాకు నచ్చని గుణాలు ఆయనలో చాలా ఉన్నాయి, పిసినారితనం, నోటి దురుసు. అయినా నేను చూసిన పనివాళ్లలో ఆయన్ని మించినవాడు లేడు.

సత్యవతి సంగతి నేను విసుక్కుంటూ చెబితే ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒరే సూరీ, రోగం మూడుసార్లు వచ్చినాది అంటన్నావు. తప్పంతా రోగిదే అని తిట్టినావు. డాక్టరు సేతులు కడుక్కున్నాడో నేదో ఎవుడైనా సూసినాడేటి?"

నాకు కోపం వచ్చింది. ఆయన పట్టించుకోలేదు. షాపులో సీలు విప్పని హార్డ్‌డిస్కు ఒకటి తీసి ఇచ్చాడు. "దీని మీద విండోసు ఎయ్యి. నెట్టు వైరు పెట్టకు. ఆ అమ్మాయి షాపులో ఏటేటి సేసినావో అన్నీ వరసగా సెయ్యి. నేను పక్కనే కూకుంటాను."

చేశాను. విండోస్ అయింది. మెడలోంచి తాడు తీసి పెన్‌డ్రైవ్ గుచ్చాను. అలవాటు ప్రకారం యాంటీవైరస్ ఆపబోయాను.

"అదేటి?"

"యాంటీవైరస్ ఆపుతున్నానండి. క్రాకు పెట్టేటప్పుడు అది అరుస్తుంది."

"ఏటని అరుస్తాది?"

నేను ఎప్పుడూ చదవలేదు. ఎర్రగా ఒక పెట్టె వస్తుందని తెలుసు. క్రాక్ అంటే అది ఎలాగూ ఒప్పుకోదు కదా, దాని గోల దానిదిలే అనుకుని, రాకముందే దాని నోరు మూసేవాణ్ణి. పట్నాయక్ గారు ఈసారి ఆపొద్దన్నాడు. క్రాకు మీద నొక్కాను. ఎర్ర పెట్టె వచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలుతో చూపిస్తూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. అందులో 'ట్రోజన్' అని స్పష్టంగా ఉంది. సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు దొంగిలించే రకం అని కూడా ఉంది.

"కుక్క అరుస్తంటే దొంగని సూడకుండా కుక్క మూతికి గుడ్డ కట్టీసినావేట్రా!" అన్నాడాయన.

పెన్‌డ్రైవ్ పీకేశాను. నిజానికి నా పాత క్రాకు శుభ్రమైనదే. కొత్త విండోస్ మీద అది పనిచేయకపోతే, ఒక వెబ్‌సైటు నుంచి కొత్తది దించాను. ఆ సైటులోనే రాసి ఉంది, ముందు యాంటీవైరస్ ఆపండి అని. దొంగ తలుపు తీయమన్నాడు, నేను తీశాను. ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో, ఎన్ని తలుపులు తీశానో! ప్రతిచోటా డి డ్రైవులో నా ఫోల్డరులో దాన్ని భద్రంగా దాచి మరీ వచ్చాను. సత్యవతి సిస్టం నేను ఫార్మాట్ చేసిన ప్రతిసారీ నా చేతులతోనే ఆ దొంగని మళ్లీ లోపల కూర్చోబెట్టాను. ఆవిడ మెయిలు పాస్‌వర్డు కాజేసి, ఆవిడ పేరు మీద అందరికీ మెయిళ్లు పంపింది ఆ దొంగే.

ట్రోజన్ అంటే ఏమిటో సూటిగా

ఆ పేరు వెనక ఒక గుర్రం కథ ఉంది, అది మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది పనికొచ్చే ముక్క. కొన్ని పురుగులు వాటంతట అవే ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి పాకుతాయి. ట్రోజన్ అలా పాకదు. అది మనకి కావలసిన వస్తువు వేషంలో వస్తుంది, ఎవరో ఒకరు చేయిపట్టి లోపలికి తేవాలి. డీటీపీ వాళ్లకి ఫాంటులాగా, చేపల వ్యాపారికి లేబులులాగా వస్తుంది. అందుకని సిస్టంలో ట్రోజన్ కనబడితే ముందు వేయాల్సిన ప్రశ్న, ఇక్కడ ఈ మధ్య ఎవరికి ఏది అవసరమైంది, అది ఎక్కడ నుంచి తెచ్చారు అని. ఎవరు తప్పు చేశారు అని కాదు.

ఎర్రయ్య లేబులు ఫైలు కూడా తర్వాత చూశాను. పేరు చివర పీడీఎఫ్ అని ఉంది, బొమ్మ కూడా పీడీఎఫ్‌దే. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరుండే అసలు తోకని, అంటే ఎక్స్‌టెన్షన్‌ని, దాచేస్తుంది. ఆ దాచడం ఆపేసి చూస్తే, పీడీఎఫ్ తర్వాత ఇంకో తోక ఉంది, అది ప్రోగ్రాము. మీరు వెళ్లిన ప్రతి సిస్టంలోనూ ఫైళ్ల పూర్తి పేరు కనబడేలా పెట్టి రండి. అర నిమిషం పని. ఇంకోటి, ఫైలు మీద నొక్కితే ఏమీ జరగలేదని ఖాతాదారు చెబితే తేలిగ్గా తీసుకోకండి. ఏమీ జరగనట్టు కనబడినప్పుడే అసలు పని లోపల జరిగిపోతుంది.

సంతలో చెప్పిన మాట

నిజం తెలిశాక నేను వెంటనే కోటబొమ్మాళి పరుగెత్తలేదు. ఆ మాట దాచకుండా రాస్తున్నాను. నాలుగు రోజులు తటపటాయిస్తూ తిరిగాను. ఏదో వంకతో వెళ్లి, చడీచప్పుడు లేకుండా బాగుచేసి వచ్చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఆ ముక్కే పట్నాయక్ గారితో అన్నాను.

"సిస్టం బాగవుతాది. ఆ అమ్మాయి పేరో?" అన్నాడాయన. "ఎక్కడ తిట్టినావో అక్కడే సెప్పాల. అంతమంది ముందూ సెప్పాల."

తర్వాతి సంతరోజు వెళ్లాను. ముందే ఫోను చేసి హెడ్‌మాస్టరునీ ఎర్రయ్యనీ రమ్మన్నాను. షాపులో ఎప్పుడూ ఉండే రద్దీ లేదు. సత్యవతి కుర్చీ చూపించింది కానీ ఎప్పటిలా టీ చెప్పలేదు. నేను నిలబడే చెప్పాను. "ఈ సిస్టంలోకి ట్రోజన్ తెచ్చింది సత్యవతి కాదు. నేను. నా పెన్‌డ్రైవులో ఉంది. మూడుసార్లూ నేనే పెట్టాను. తెలియక పెట్టాను, కానీ తెలుసుకోకుండా ఆవిణ్ణి తిట్టాను."

ఎర్రయ్య నోరు తెరిచి నావైపు చూశాడు. "అంటే మా సిస్టం సంపీసినోడివి నువ్వేనేటి బావూ?"

"నేనే."

"మరి మా సత్తిని అంత మాటనీసినావు!"

ఆ మాటకి సత్యవతి ఏడ్చేసింది. ఇన్నాళ్లూ బిగబట్టిన ఏడుపు. చూడలేక తల దించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. హెడ్‌మాస్టరు మాత్రం గట్టి మనిషి. "చెప్పినందుకు సంతోషం. కానీ నా ప్రశ్నపత్రాల మాటేమిటి? ఇప్పుడు శుభ్రం చేసి, రేపు ఇంకోటి రాదని నమ్మకమేమిటి?" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు.

సత్యవతి కళ్లు తుడుచుకుని లేచింది. "అన్నయ్యా, మూల పడున్న పాత సిస్టం ఒకటున్నాది. దానికి నెట్టే లేకండా సేసి, పశ్నపత్రాలకి అదొక్కటే ఒగ్గీస్తే?"

అంత మంచి ఉపాయం అన్నేళ్ల అనుభవం ఉన్న నాకు తట్టలేదు. ఆవిడకి తట్టింది.

అసలు శుభ్రం చేయడం

ఆవేళ చేసిన పని వరస చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది. ముందుగా నెట్ వైరు పీకేశాం. ట్రోజన్‌కి బయట ఉన్న యజమానితో మాట తెగిపోవాలి. పాస్‌వర్డులు ఆ సిస్టంలో మార్చలేదు. అక్కడ మారిస్తే కొత్తవి కూడా దొంగకి అందించినట్టే. రైలెక్కి విజయనగరం నుంచి తెచ్చిన శుభ్రమైన లాప్‌టాప్‌లో, ఫోను నెట్‌తో, మెయిలు పాస్‌వర్డు మార్చి, పాత లాగిన్‌లన్నీ బయటికి నెట్టి, ఫోనుకి కోడు వచ్చే రెండో తాళం పెట్టాం. మెయిలు సెట్టింగుల్లో చూస్తే, వచ్చే ఉత్తరాలన్నిటి నకలు ఎవరో ముక్కూ మొహం తెలియని అడ్రసుకి వెళ్లేలా ఒక ఏర్పాటు ఉంది. పాస్‌వర్డు ఒక్కటే మార్చి వదిలేస్తే అది అలాగే ఉండిపోయేది. ఇది చాలామంది చూడరు, మీరు చూడండి.

తర్వాత సిస్టం. దాని సొంత విండోస్‌తో తెరవలేదు. శుభ్రమైన కంప్యూటరులో తయారుచేసిన స్కానరు డిస్కుతో బయట నుంచి లేపి వెతికాం. ట్రోజన్ నిద్రలో ఉన్నప్పుడు పట్టుకోవాలి, లేచాక దాక్కుంటుంది. సిస్టం వెలిగినప్పుడు వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా చూస్తే, ప్రింటరు పేరు పెట్టుకుని ఒకటి కూర్చుంది. ఆ షాపులో ఆ కంపెనీ ప్రింటరే లేదు. దొరికిందాన్ని తీసేస్తే చాలు కదా అని మీకు అనిపిస్తుంది. పాస్‌వర్డులు తినే రకం దొరికితే, అదొక్కటి తీసేస్తే పోయిందని నేను ఇప్పటికీ నమ్మను. ఆవిడ టైపు చేసిన ఫైళ్లు, బొమ్మలు మాత్రమే వేరే డిస్కులోకి తీసి, వాటిని స్కాన్ చేసి, సి, డి రెండూ తుడిచేశాం. తుడిచే ముందు, నా పేరున్న ఫోల్డరుని నా చేత్తోనే నొక్కి తీసేశాను. విండోస్‌ని, అది తయారు చేసిన కంపెనీ సైటు నుంచే తాజాగా దించి వేశాను. పోతే ఫాంట్లు. ఏ క్రాకూ మళ్లీ పెట్టే ప్రసక్తి లేదు. అసలు కాపీ, తాళంతో సహా, నేనే తెప్పించి ఇచ్చాను. కొత్త పనంతా తాళం అక్కర్లేని ఉచిత యూనికోడు ఫాంట్లలో చేసుకోమన్నాను.

మర్నాటి నుంచి నా డైరీ పట్టుకుని, ఆ కొత్త క్రాకు పెట్టిన షాపులన్నీ తిరిగాను. నలభై పైచిలుకు. కొందరు బూతులు తిట్టారు, పడ్డాను. కొందరి బాధ ఇంకోలా ఉంది. చీపురుపల్లి దగ్గర ఒకాయన సిస్టానికి అడ్డం నిలబడిపోయాడు. "టోజను ఉంటే ఉండనీ బావూ, ఫాంటు మాత్రం తియ్యకు. పదేళ్ల మేటరు అందులోనే ఉన్నాది!" ఆయన్ని ఒప్పించడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఒక్క ఫైలూ పోకుండా చేసి ఇచ్చాను.

ఇది చదువుతున్న మీలో ఎవరికైనా అలాంటి రోజు వస్తే, ముందు మీరు వాడే సామాను అనుమానించండి. ఖాతాదారు తర్వాత. కుదరకపోతే కనీసం ఇద్దర్నీ సమానంగా అనుమానించండి.

తాడు

ఆ తర్వాతి పరీక్షల సమయానికి హెడ్‌మాస్టరు ప్రశ్నపత్రాలు తిరిగి సత్యవతికే పంపాడు. నెట్ లేని ఆ పాత సిస్టం మీద ఆవిడ ఒక గుడ్డ కప్పి ఉంచుతుంది, అది తీసే అధికారం ఇంట్లోవాళ్లకి కూడా లేదు. ఎర్రయ్య లేబుళ్లు ఇప్పటికీ ఆవిడ దగ్గరే వేయిస్తాడు. కాకపోతే మెయిలు వస్తే ముందు ఫోను చేసి, "సత్తీ, ఇది నువ్వేనేటే?" అని అడిగి అప్పుడు తెరుస్తాడు. అంతకు మించిన యాంటీవైరస్ నేను చూడలేదు.

మోకాళ్లు అరిగి పని మానేశాక ఈ అనుభవాలు రాయాలనిపించింది. చేత్తో రాసిన కాగితాలు కొన్ని, ఇంట్లో టైపు చేసుకున్నవి కొన్ని. టైపు చేసినవి పెన్‌డ్రైవులో వేసుకుని, అచ్చుకి సరిచేయించడానికి కోటబొమ్మాళి వెళ్లాను. షాపులో నలుగురైదుగురు ఉన్నారు. నన్ను చూడగానే సత్యవతి టీ చెప్పింది. నేను చొరవగా సిస్టం దగ్గరికి వెళ్లబోయాను.

"అన్నయ్యా, తాడు," అని చేయి చాపింది.

మెడలోంచి తీసి ఇచ్చాను. గుమ్మం పక్కన, స్కానింగుకే ఉంచిన చిన్న లాప్‌టాప్‌లో గుచ్చి, "అయ్యేదాకా బయట కూకోండి," అంది. కార్డుల కోసం వచ్చిన ఒకాయన నన్ను గుర్తుపట్టి ఇబ్బందిపడ్డాడు. "అదేటమ్మా, ఆయనెవులో తెల్దా? మనందరి సిస్టాలూ బాగుసేసినాయన కదా!"

సత్యవతి తెర మీంచి చూపు తిప్పకుండానే అంది.

"తెలుసును. అందుకే."

ఆయన నా ముఖంలోకి చూశాడు, నొచ్చుకున్నానేమో అని. నేను టీ గ్లాసు అందుకుని, స్కాన్ అయ్యేదాకా గుమ్మం బయట బల్ల మీద హాయిగా కూర్చున్నాను.